ఎండ్రకాయల బోను, తిమింగలం, సర్కారు సాయం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కెనడా, అమెరికా ప్రభుత్వాలు పీతలు, లాబ్‌స్టర్లు (పెద్ద గోళ్లుండే సముద్రపు రొయ్యల వంటివి) పట్టే మత్స్యకారులకు తిమింగలాలకు హాని చేయని సామగ్రిని, అంటే తాడు లేని బోన్ల వంటి వాటిని, సమకూర్చుకోవడానికి ఆర్థిక సాయం చేస్తున్న సంగతిని గత సంచికలో క్లుప్తంగా ప్రచురించాము. సముద్రం లేని కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల నుంచి దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని మేము అనుకోలేదు. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, ముఖ్యమైన వాటికి ఇక్కడ జవాబు చెబుతున్నాము.

ప్రశ్న: మా అబ్బాయి కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్‌లో ఉంటున్నాడు. అక్కడ ఒక్క తిమింగలం కనిపించిందంటే చుట్టుపక్కల సముద్రంలో పీతల వేట ఆపేస్తారని చెప్పాడు. ఎండ్రకాయను పట్టే బోను అడుగున ఉంటుంది కదా, దానితో తిమింగలానికి ఏం పని? అయినా అంత పెద్ద ప్రాణిని ఒక తాడు ఏం చేయగలదు? (విశ్రాంత ఉపాధ్యాయుడు, కర్నూలు)

జవాబు: మాస్టారూ, మీ అబ్బాయి చెప్పినది నిజమే. హాని చేసేది బోను కాదు, దానికి కట్టిన తాడు. లాబ్‌స్టర్‌ను గానీ మంచు పీతను గానీ పట్టడానికి బోనులో ఎర పెట్టి సముద్రం అడుగుకు దించుతారు. అది ఎక్కడ ఉందో తెలియడానికి, మళ్లీ పైకి లాగడానికి దానికి ఒక తాడు కట్టి, తాడు పైకొనకు రంగు వేసిన బెండు తగిలిస్తారు. బెండు అలల మీద తేలుతుంది, తాడు అడుగు నుంచి పైదాకా నీళ్లలో నిలువుగా నిలబడి ఉంటుంది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఒక్కో లాబ్‌స్టర్ మత్స్యకారుడు 800 బోన్ల వరకు వేసుకోవచ్చు, అలాంటి వాళ్లు వేల మంది ఉన్నారు. అనేక బోన్లను ఒకే వరుసగా కట్టి నిలువు తాళ్లను తగ్గించే పద్ధతి ఉన్నప్పటికీ, వేట కాలంలో ఆ తీరం వెంట నీళ్లలో నిలబడి ఉండే తాళ్లు లెక్కకు అందవు.

ఇక తిమింగలం సంగతి. ఇక్కడ ముఖ్యంగా ప్రమాదంలో ఉన్నది ఉత్తర అట్లాంటిక్ రైట్ తిమింగలం. పదిహేను మీటర్లకు పైగా పెరిగి, అరవై డెబ్బై టన్నులు తూగే ఈ ప్రాణి రెండు మూడు మిల్లీమీటర్ల పొడవు ఉండే కోపెపాడ్లు అనే జీవులను తిని బతుకుతుంది. నోరు తెరిచి ఈదుకుంటూ పోయి, పై దవడ నుంచి వేలాడే సన్నని పలకలతో నీటిని వడగట్టి ఆ జీవులను మింగుతుంది. అలా నోరు తెరిచి పోతున్నప్పుడు తాడు నోటికి అడ్డంగా పడి ఆ పలకల్లో ఇరుక్కుంటుంది. బెదిరిన తిమింగలం విదిలించుకోవడానికి దొర్లుతుంది, దొర్లిన కొద్దీ తాడు రెక్కలకు, తోకకు చుట్టుకుంటుంది. ఇప్పటి తాళ్లు నారవీ కావు, నూలువీ కావు. గట్టి కృత్రిమ దారాలతో పేనినవి కాబట్టి అంత బలమైన ప్రాణి లాగినా చాలాసార్లు తెగవు. అక్కడికక్కడే మునిగి చనిపోయేవి కొన్ని. ఎక్కువ వాటి బాధ అంతకంటే దీర్ఘం. తాడును, ఒక్కోసారి బోన్లను కూడా ఈడ్చుకుంటూ నెలల తరబడి తిరుగుతాయి. తాడు చర్మం కోసి ఎముక దాకా దిగుతుంది, మేత తగ్గుతుంది, ఒంట్లో కొవ్వు కరిగిపోతుంది.

స్నో కోన్ అని పరిశోధకులు పేరు పెట్టిన ఒక ఆడ తిమింగలం కథ తెలిస్తే ఇది ఎంతటి బాధో అర్థమవుతుంది. దాని పిల్ల ఒకటి 2020లో ఓడ తగిలి చనిపోయింది. 2021 మార్చిలో అది తాడులో చిక్కుకుని కనిపించింది. రక్షక బృందాలు కొంత తాడు కోసి తీయగలిగాయి గానీ పూర్తిగా విడిపించలేకపోయాయి. ఆ తాడు ఈడ్చుకుంటూనే అది దక్షిణాదికి ప్రయాణం చేసి, అదే సంవత్సరం డిసెంబరులో అమెరికాలోని జార్జియా రాష్ట్ర తీరం దగ్గర మరో పిల్లతో కనిపించింది. 2022 సెప్టెంబరులో చూసినప్పుడు ఒంటి మీద ఇంకా ఎక్కువ తాళ్లున్నాయి, పక్కన పిల్ల లేదు.

ఈ జాతిలో ఇప్పుడు మిగిలి ఉన్నవి ఇటీవలి అంచనాల ప్రకారం సుమారు 380. వాటిలో పిల్లలు కనే వయసు ఆడవి 70 వరకే. మొత్తం మీద 85 శాతానికి పైగా తిమింగలాల ఒంటి మీద కనీసం ఒకసారి తాడులో చిక్కుకున్న మచ్చలు ఉన్నాయి. పాతికేళ్ల కిందట ఇవి కెనడాలోని సెయింట్ లారెన్స్ సింధుశాఖలోకి పెద్ద సంఖ్యలో వచ్చేవి కావు. మెయిన్ సింధుశాఖ నీళ్లు వేడెక్కి అక్కడ మేత తగ్గిన తరువాత, మేత వెతుక్కుంటూ ఉత్తరానికి, అంటే సరిగ్గా మంచు పీతల వేట సాగే చోటికి, వెళ్లడం మొదలుపెట్టాయి. 2017లో ఒక్క ఏడాదిలోనే 17 చనిపోగా, వాటిలో 12 కెనడా జలాల్లో దొరికాయి. అప్పటి నుంచి కెనడా ప్రభుత్వం, తిమింగలం కనిపించిన ప్రాంతంలో 15 రోజులు వేట నిలిపివేసే పద్ధతి పెట్టింది. అది అక్కడక్కడే తిరుగుతున్నట్టు తేలితే ఆ ఏడు ఇక అక్కడ బోను దించడానికి వీలుండదు. మంచు పీతల వేట ఏడాదిలో కొద్ది వారాల పనే కాబట్టి, ఆ కొద్ది రోజులు పోతే ఏడాది సంపాదన పోయినట్టే. మీ అబ్బాయి చూస్తున్నది దీన్నే.

ప్రశ్న: తాడు లేని బోను అని రాశారు. తాడు లేకపోతే బోనును వంద మీటర్ల లోతు నుంచి పైకి ఎలా తీస్తారు? (బీఎస్సీ విద్యార్థిని, ప్రొద్దుటూరు)

జవాబు: తాడు ఉంటుందమ్మా, కాకపోతే వేట జరుగుతున్నంతసేపూ అది నీళ్లలో నిలువుగా నిలబడి ఉండదు. ఒక రకంలో తాడును, బెండును కలిపి చుట్టి ఒక చట్రంలో పెట్టి బోనుతో పాటే అడుగుకు దించుతారు. మత్స్యకారుడు తిరిగి వచ్చినప్పుడు పడవ మీది పరికరం నీటిలోకి ఒక శబ్ద సంకేతం పంపుతుంది. అడుగున ఉన్న పరికరం తనకు కేటాయించిన సంకేతాన్ని గుర్తుపట్టి కొక్కెం వదిలేస్తుంది. బెండు తాడును వెంటబెట్టుకుని పైకి తేలుతుంది. ఇక మిగిలిన పని ఎప్పటిలాగే, తాడు పట్టుకుని యంత్రంతో లాగడమే. ఇంకో రకంలో గాలి నింపిన సీసా తెరుచుకుని ఒక సంచి ఉబ్బి, ఆ సంచే బోన్ల వరుస ఒక కొసను పైకి ఎత్తుతుంది. నీళ్లలో రేడియో తరంగాలు దూరం పోవు, శబ్దం పోతుంది. అందుకే ఈ పరికరాలన్నీ శబ్దం మీదే పనిచేస్తాయి.

ఇంతకంటే చవకైన ఉపాయం ఒకటి ఉంది. తాడులో అక్కడక్కడా 1,700 పౌండ్ల, అంటే సుమారు 770 కిలోల, లాగుడుకు తెగిపోయే బలహీనమైన ముక్కలు అతుకుతారు. పెద్ద తిమింగలం గట్టిగా లాగితే తాడు తెగుతుంది, మామూలుగా బోను లాగే పనికి సరిపోతుంది. అమెరికా సముద్ర మత్స్య విభాగం 2021లో చేసిన నిబంధనల్లో ఇది ముఖ్యమైన భాగం. అయితే పిల్ల తిమింగలానికి అంత బలం ఉండదు, కాబట్టి దీనిని సగం రక్షణగానే చూడాలి.

బెండు కనపడకపోవడం వల్ల వచ్చే చిక్కును కూడా మీరు గమనించే ఉంటారు. పైన గుర్తు లేకపోతే ఒకరి బోన్ల మీద ఇంకొకరు బోన్లు వేస్తారు, పెద్ద వలలు ఈడ్చే పడవలు కిందనున్న వరుసలను తెంపుకుపోతాయి. అందుకని బోన్లు ఎక్కడున్నాయో పడవల తెర మీద అందరికీ కనిపించే ఏర్పాటు ఉండాలి. వేర్వేరు సంస్థలు తయారుచేసిన పరికరాలు ఒకదాని సమాచారం మరొకటి చదవగలిగితేనే అది సాధ్యం. నా ఉద్దేశంలో పరికరం తయారీ కంటే కష్టమైన భాగం ఇదే.

ప్రశ్న: ఒక జాతి అంతరించిపోతుంటే వేటను నిషేధించాలి గానీ, కారణమైన వాళ్లకే ఎదురు డబ్బు ఇవ్వడం ఏమి న్యాయం? (గృహిణి, కడప)

జవాబు: ఈ ప్రశ్నలోని ఆవేదన సరైనదే, దానికి సూటిగానే జవాబు చెబుతాను. ఆ మత్స్యకారులు తిమింగలాన్ని పట్టాలని తాడు వేయలేదు. తమ తాతలు వేసినట్టే, చట్టం అనుమతించినట్టే వేశారు. 2017 జులైలో సెయింట్ లారెన్స్ సింధుశాఖలో తాడులో చిక్కుకున్న ఒక రైట్ తిమింగలాన్ని విడిపించిన క్షణంలోనే, దాని దెబ్బకు ప్రాణం కోల్పోయిన జో హౌలెట్ లాబ్‌స్టర్లు పట్టే మత్స్యకారుడే. క్యాంపోబెల్లో దీవిలో తిమింగలాల రక్షక బృందాన్ని నెలకొల్పిన వాళ్లలో ఆయన ఒకరు. ఈ విషయంలో ఒకవైపు తిమింగలాల మిత్రులు, మరోవైపు శత్రువులు అని గీత గీయడం కుదరదు.

అంతమాత్రాన జరుగుతున్న హానిని తక్కువ చేయకూడదు. 2024 జనవరిలో మసాచుసెట్స్‌లోని మార్తాస్ వినయార్డ్ దీవి ఒడ్డుకు ఒక మూడేళ్ల ఆడ తిమింగలం కళేబరం కొట్టుకువచ్చింది. దాని తోకలో దిగబడిన తాడు మీద ఊదా రంగు గుర్తులున్నాయి. ఏ ప్రాంతపు తాడో తెలియడానికి మెయిన్ రాష్ట్రానికి కేటాయించిన రంగు అది. ఆ తాడు అక్కడి లాబ్‌స్టర్ వేటకు చెందినదేనని అధికారులు నిర్ధారించారు. తమ వల్ల తిమింగలాలు చనిపోతున్నాయనడానికి రుజువేదీ అని అంతవరకు అడిగిన వాళ్లకు అది కఠినమైన జవాబు అయింది. నిషేధాలు కూడా లేకపోలేదు. కొన్ని ప్రాంతాలను కొన్ని నెలల పాటు మూసివేస్తున్నారు. పెద్ద ఓడలు కొన్ని చోట్ల 10 నాట్ల (గంటకు సుమారు 18.5 కిలోమీటర్ల) వేగానికి మించి పోకూడదని అమెరికాలో 2008 నుంచి నిబంధన ఉంది, ఎందుకంటే తాళ్ల తరువాత ఈ జాతిని ఎక్కువగా చంపుతున్నది ఓడలే. కానీ లాబ్‌స్టర్ మీదే బతికే ఊళ్లు మెయిన్ తీరం పొడవునా ఉన్నాయి. వేట మొత్తం ఆపమంటే ఆ ఊళ్లు తిరగబడతాయి. 2022 డిసెంబరులో అమెరికా కాంగ్రెస్, లాబ్‌స్టర్ వేట మీద కొత్త కఠిన నిబంధనలను 2028 చివరి వరకు వాయిదా వేస్తూ చట్టం చేయడానికి కారణం ఆ ఒత్తిడే. ఆ వాయిదా తిమింగలాలకు మేలు చేయలేదని నేను నమ్ముతున్నాను. చేయగలిగిన మార్పుకు డబ్బు ముందే అంది ఉంటే, వాయిదా అడిగే వాళ్ల గొంతు అంత బలంగా ఉండేది కాదని కూడా నమ్ముతున్నాను.

ప్రశ్న: మాకు 90 శాతం సబ్సిడీతో డ్రిప్ వచ్చింది. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, రెండేళ్లకే లాటరల్ పైపులు మూసుకుపోయాయి, ఫిల్టరు పాడైంది. అప్పుడు ఎవరిని అడిగినా మాకు సంబంధం లేదన్నారు. అక్కడి మత్స్యకారులకు ఇచ్చే డబ్బు కూడా ఇలాగే సామాను ఇచ్చి చేతులు దులుపుకునే రకమేనా? (రైతు, కళ్యాణదుర్గం)

జవాబు: అన్నా, వచ్చిన ఉత్తరాలన్నింటిలో అసలు విషయాన్ని పట్టుకున్నది మీదే. ముందుగా డబ్బు లెక్క చెబుతాను. కెనడా ప్రభుత్వం 2021లో 2 కోట్ల కెనడా డాలర్లతో, తిమింగలాలకు హాని చేయని సామగ్రిని మత్స్యకారులు అలవాటు చేసుకోవడానికి ప్రత్యేక నిధి ప్రకటించింది. కొనడానికే కాకుండా, తమ నీళ్లలో పరీక్షించి చూసుకోవడానికి, తమ పడవకు తగినట్టు మార్చుకోవడానికి కూడా ఆ డబ్బు వాడుకోవచ్చు. అమెరికాలో 2022 నాటి ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టం కింద రైట్ తిమింగలాల రక్షణకు 8.2 కోట్ల డాలర్లు కేటాయించారు. తిమింగలాల జాడ కనిపెట్టడం, ఓడల తాకిడి తగ్గించడం వంటి వాటితో పాటు తాడు నిలబడని బోన్లకూ అందులో వాటా ఉంది.

ఇప్పుడు మీ అనుభవం. బోనును శబ్దంతో పిలిచే ఒక్కో పరికరానికి వేల డాలర్లు అవుతుంది. మామూలు తాడు, బెండు ఖర్చుకు అది ఎన్నో రెట్లు. మొదటి కొనుగోలు సబ్సిడీలో వచ్చినా, ఉప్పునీళ్లలో ఏళ్ల తరబడి ఉండే పరికరానికి బ్యాటరీలు మార్చాలి, అతుకులు బాగుచేయాలి, కొక్కెం సరిగ్గా విడుస్తున్నదో లేదో చూసుకోవాలి. పదిసార్లు పైకి వచ్చి పదకొండోసారి రాకపోతే, ఆ వరుసలోని బోన్లన్నీ, వాటిలోని పీతలన్నీ అడుగునే మిగిలిపోతాయి. వాటిని వెతికి తీసే సమయం కూడా మత్స్యకారుడిదే. మీ పొలంలో ఫిల్టరు కడగడానికి, పైపుల్లోకి ఆసిడ్ ఎక్కించి ఉప్పు తీయడానికి ఎవరు వస్తారన్నదే ప్రశ్న అయినట్టు, అక్కడ కూడా రెండో ఏడు, మూడో ఏడు ఎవరు పలుకుతారన్నదే ప్రశ్న.

ఈ విషయంలో నాకు నచ్చిన పద్ధతి అరువు ఇవ్వడం. కెనడాలో వన్యప్రాణి సమాఖ్య ఒకటి ఈ పరికరాలను నిల్వ ఉంచి, మత్స్యకారులకు వేట కాలానికి అరువు ఇస్తున్నది. అమెరికా సముద్ర మత్స్య విభాగపు ఈశాన్య కేంద్రం కూడా ఇలాంటి నిల్వనే నడుపుతున్నది. పుస్తకాలు కాకుండా బోన్ల పరికరాలు ఇచ్చే గ్రంథాలయం అన్నమాట. మత్స్యకారుడు డబ్బు పెట్టకుండా ఒక కాలం వాడి చూస్తాడు, చెడితే తిరిగి ఇస్తాడు, తన పడవకు ఏది సరిపోతుందో తేల్చుకున్నాక కొంటాడు. తయారీదారులు కూడా డెక్కు మీద తడి చేతులతో, చలిలో పనిచేసే మనిషి చెప్పిన లోపాలు విని సరిచేసుకుంటారు.

డబ్బు కంటే బలంగా పనిచేసినది మరొకటి ఉంది. తిమింగలం కనిపించి మూసివేసిన ప్రాంతంలో మామూలు బోను వేయకూడదు గానీ, తాడు నిలబడని పరికరం ఉన్నవాడికి ప్రత్యేక అనుమతితో వేట చేసుకునే వీలు కల్పించారు. కెనడాలో మంచు పీతల మత్స్యకారులు కొందరు ఈ దారిలోనే కొత్త పరికరాన్ని అలవాటు చేసుకున్నారు. మిగిలిన వాళ్ల పడవలు ఒడ్డున ఉండగా తన పడవ పీతలతో తిరిగివస్తే, పక్కవాడికి ఎవరూ నచ్చచెప్పనక్కరలేదు. సంత వైపు నుంచీ ఒత్తిడి ఉంది. సుస్థిరమైన వేటకు గుర్తింపు ఇచ్చే మెరైన్ స్టివార్డ్‌షిప్ కౌన్సిల్ ముద్ర 2022 డిసెంబరులో మెయిన్ సింధుశాఖ లాబ్‌స్టర్‌కు నిలిచిపోయింది, దాంతో కొన్ని పెద్ద దుకాణాలు కొనుగోలు ఆపేశాయి.

సాయం ఎలా ఇవ్వాలని నన్ను అడిగితే, పరికరం ధరతో పాటు కనీసం కొన్నేళ్ల మరమ్మతుకు, శిక్షణకు, బోన్లు పోతే నష్టపరిహారానికి కూడా డబ్బు పక్కన పెట్టాలంటాను. తిమింగలం బతకాలని కోరుకుంటున్నది ఒక్క మత్స్యకారుడు కాదు, దేశం మొత్తం. ఆ కోరిక ఖర్చును మూడు నెలల వేట మీద బతికే కుటుంబం నెత్తిన పెట్టడం ధర్మం కాదు.

ప్రశ్న: మన దేశంలో ఇలాంటి సాయం ఏదైనా ఉందా? (అనంతపురం, కడప నుంచి అనేకమంది)

జవాబు: ఉంది. మన తీరంలో రొయ్యల కోసం ఈడ్చే ట్రాల్ వలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు చిక్కి, పైకి వచ్చి గాలి పీల్చుకోలేక చనిపోతాయి. దానికి విరుగుడుగా వల లోపల ఊచల చట్రం ఒకటి అమరుస్తారు. రొయ్యలు ఊచల సందుల్లోంచి వల కొసకు పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పైన ఉన్న తలుపులోంచి బయటపడుతుంది. టెడ్ అని పిలిచే ఈ పరికరాన్ని మన వలలకు తగినట్టు కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ రూపొందించింది. ఇది లేదన్న కారణంతోనే అమెరికా మన సముద్రపు రొయ్యలను కొన్నేళ్లుగా రానివ్వడం లేదు. చెరువుల్లో పెంచిన రొయ్యలకు ఆ అడ్డు లేదు. ఇప్పుడు ప్రధాన మంత్రి మత్స్య సంపద యోజన కింద టెడ్ ఖర్చును కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం చొప్పున పూర్తిగా భరించే ఏర్పాటు చేశారు. చట్రం ఉన్న వలలోంచి కొంత సరుకు జారిపోతుందన్న భయం మత్స్యకారుల్లో ఉంది. ఆ భయం తీరేదాకా, ఉచితంగా ఇచ్చిన పరికరం కూడా వలకు ఎక్కకుండా ఒడ్డునే ఉండిపోయే ప్రమాదం ఉంది.

మహారాష్ట్రలో ఇంకో దారి పట్టారు. వలలో చిక్కిన రక్షిత ప్రాణిని వల కోసి వదిలిపెట్టిన మత్స్యకారుడికి, ఫొటో గానీ వీడియో గానీ చూపిస్తే, 25,000 రూపాయల వరకు పరిహారం 2018 నుంచి ఇస్తున్నారు. గుజరాత్‌లో వేల్ షార్క్‌లను వదిలేసిన వాళ్లకు కూడా కోసిన వలకు పరిహారం అందుతున్నది.

ప్రశ్న: మేము మైలవరం జలాశయంలో పుట్టి మీద వేట చేస్తాము. మునిగిన చెట్లకు తగులుకుని తెగిపోయిన నైలాన్ వలలు అడుగునే ఉండి చేపలను, తాబేళ్లను చంపుతూనే ఉన్నాయి. తిమింగలాల గురించి చదివినప్పుడు మాకు ఇదే గుర్తుకొచ్చింది. మేమేం చేయవచ్చు? (మత్స్యకార సహకార సంఘ సభ్యుడు, కడప జిల్లా)

జవాబు: కెనడాలో వల గానీ బోను గానీ పోయిన మత్స్యకారుడు ఆ సంగతి తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాలి. పోయిన సామగ్రిని వెతికి తీసే వాళ్లకు విడిగా నిధి కూడా ఇచ్చారు. అమెరికాలో లాబ్‌స్టర్ బోన్లకు కొంతకాలానికి కుళ్లి ఊడిపోయే కట్టుతో ఒక పలక ఉండాలి. బోను పోయినా లోపలి ప్రాణి బయటపడుతుంది. మీ సంఘం కూడా ఒక పుస్తకం పెట్టి, ఎవరి వల ఎక్కడ, ఏ చెట్టు దగ్గర, ఏ తేదీన తెగిందో రాయించడం మొదలుపెట్టవచ్చు. వేసవిలో నీటిమట్టం బాగా తగ్గినప్పుడు ఆ పుస్తకం పట్టుకుని పుట్టి మీద తిరిగితే చాలా వలలు చేతికి అందుతాయి. నీళ్లలో మునిగి కోసే పని మాత్రం ఎవరూ ఒంటరిగా చేయవద్దు, ఆ వలే మనిషి కాలికీ చుట్టుకుంటుంది. కొత్త వలలకు, పడవలకు మత్స్య సంపద యోజనలో సాధారణ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 60 శాతం వరకు సాయం ఉంది. ఆ దరఖాస్తుతో పాటే పాత వలల ఏరివేతకు కూడా సాయం కావాలని సంఘం తీర్మానం జతచేసి జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో ఇవ్వండి, రసీదు తీసుకోవడం మరవకండి. తీసిన నైలాన్ వలలను ఒడ్డున తగలబెట్టవద్దు. శుభ్రం చేసి, ఆరబెట్టి, పాత ప్లాస్టిక్ కొనేవాళ్లకు తూకానికి ఇవ్వవచ్చు.